వార్త ఎవరైనా చెబుతారు, పూచీ ఎవరు పడతారు?

1949 ఫిబ్రవరిలో డేవిడ్ మానింగ్ వైట్ అనే పరిశోధకుడు అమెరికాలోని ఓ చిన్న నగరపు దినపత్రికలో ఏజెన్సీ వార్తలు చూసే ఎడిటర్‌ను ఓ వింత సాయం అడిగాడు. వారం రోజుల పాటు వేసుకోని ప్రతి కాపీనీ దాచిపెట్టి, ఎందుకు వేసుకోలేదో దాని మీదే రాసివ్వమన్నాడు. చివరికి లెక్క తీస్తే, ఏజెన్సీల నుంచి వచ్చిన దానిలో పత్రికకెక్కింది దాదాపు పదో వంతు. మిగతాదంతా బుట్టదాఖలు. చోటు చాలక కొన్ని పోయాయి, ఆసక్తికరంగా లేవని కొన్ని, ఇది వార్త కాదు ప్రచారమని కొన్ని. ఆ పెద్దమనిషికి సొంతంగా గిట్టక పోయినవీ ఉన్నాయి.

మరుసటి ఏడాది అచ్చయిన ఆ అధ్యయనాన్ని జర్నలిజం తరగతుల్లో ఇప్పటికీ చెబుతారు. ప్రపంచంలో ఏం జరుగుతోందో ఆ పత్రిక పాఠకులకు తెలియాలంటే ముందు ఆ ఒక్క కుర్చీ దాటి రావాలి. బుట్టలో పడ్డ తొమ్మిది వంతుల సంగతి వాళ్లకు తెలిసే దారే లేదు. సోషల్ మీడియా వచ్చి ఆ కుర్చీని తీసేసిందని చాలామంది అంటారు. అందులో సగమే నిజం. ఫోన్ తెరిచిన మనిషికి ఏది ముందు కనిపించాలో, ఏది అసలు కనిపించకూడదో ఇప్పటికీ ఎవరో ఒకరు నిర్ణయిస్తూనే ఉన్నారు. కాకపోతే ఆ పని పత్రికాఫీసు నుంచి ఫేస్‌బుక్, యూట్యూబ్, టిక్‌టాక్ కంపెనీల ర్యాంకింగ్ వ్యవస్థలకు మారింది. 1949 నాటి ఎడిటర్ పక్షపాతి అయితే కావచ్చు, కానీ ఆయన ఫలానా అని తెలుసు, ఆఫీసుకెళ్లి నిలదీయొచ్చు. అల్గారిథమ్‌తో ఆ వీలు లేదు.

విలేకరి పనిలో మొదటి నుంచీ మూడు పాయలున్నాయి. జరిగింది చూడటం ఒకటి, దానిలో ఏది చెప్పదగిందో ఏరడం రెండోది, చెప్పినదానికి పూచీ పడటం మూడోది. మొదటిది ఫోన్ చేతిలో ఉన్న ప్రతి మనిషికీ అందింది. రెండోది ప్లాట్‌ఫామ్‌ల పాలైంది. ఇక పాత్రికేయుడి చేతిలో గట్టిగా మిగిలింది మూడోదే. చిక్కేమిటంటే, మూడింటిలో ఎక్కువ ఖర్చూ ఎక్కువ సమయమూ పట్టేది అదే, తక్కువ రాబడి తెచ్చేదీ అదే.

చూసేవాళ్లు ముందే అక్కడున్నారు

2005 జులై 7న లండన్ రైళ్లలో, బస్సులో బాంబులు పేలినప్పుడు సొరంగాల్లోకి కెమెరా సిబ్బంది వెళ్లే అవకాశం లేదు. లోపల చిక్కుకున్న ప్రయాణికుల దగ్గర ఫోన్లున్నాయి. ఆరు గంటల్లో బీబీసీకి వెయ్యికి పైగా ఫొటోలు, 20 వీడియో ముక్కలు, 4,000 ఎస్ఎంఎస్‌లు, 20,000 ఈమెయిళ్లు వచ్చిపడ్డాయి. అప్పటికి ట్విటర్ పుట్టనే లేదు. జనం తాము చూసింది వార్తాసంస్థకు పంపించారు, సంస్థ చూసి, సరిపోల్చుకుని ప్రసారం చేసింది. కెమెరా చేతులు మారింది గానీ, జనం పంపినది ఇంకా న్యూస్‌రూమ్ గుమ్మం తొక్కే వచ్చింది.

నాలుగేళ్లు తిరక్కుండానే ఆ గుమ్మంతో పని లేకుండా పోయింది. 2009 జనవరి 15న న్యూయార్క్‌లోని హడ్సన్ నది మీద విమానం దిగినప్పుడు, ప్రయాణికులను కాపాడటానికి వెళ్తున్న ఫెర్రీలోని ఓ వ్యక్తి ఫొటో తీసి నేరుగా ట్విటర్‌లో పెట్టాడు. టీవీ ఛానళ్లు ఆ తర్వాత అతన్ని వెతుక్కున్నాయి. 2011 మే 2 తెల్లవారుజామున పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో ఓ ఐటీ కన్సల్టెంట్ తమ ఊరి మీద హెలికాప్టర్ చక్కర్లు కొడుతోందని, ఇది ఎప్పుడూ జరిగేది కాదని విసుక్కుంటూ ట్వీట్లు పెట్టాడు. బిన్ లాడెన్ మీద దాడిని తాను ప్రత్యక్షంగా రిపోర్ట్ చేస్తున్నానని ఆయనకూ తెలియదు.

సాక్షి మాట ఎంత దూరం వెళ్లగలదో 2020లో తేలింది. అమెరికాలోని మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయిన రోజు పోలీసులు ఇచ్చిన మొదటి ప్రకటన చదివితే, పోలీసులు పట్టుకున్న ఓ మనిషి ఆరోగ్యం చెడి మరణించాడనే అర్థమవుతుంది. ఓ పోలీసు అతని మెడ మీద మోకాలు పెట్టి నొక్కిన ప్రస్తావనే అందులో లేదు. అక్కడే నిలబడి తొమ్మిది నిమిషాలకు పైగా ఫోన్‌లో చిత్రీకరించిన 17 ఏళ్ల అమ్మాయి డార్నెల్లా ఫ్రేజియర్ ఆ వీడియోను ఫేస్‌బుక్‌లో పెట్టకపోయి ఉంటే, మర్నాటి పత్రికల్లో ఆ ప్రకటనే నాలుగు లైన్ల వార్తగా వచ్చేదేమో. 2021లో, అమెరికాలో జర్నలిజానికి పేరున్న పురస్కారాలిచ్చే పులిట్జర్ బోర్డు ఆమెకు ప్రత్యేక ప్రశంస ప్రకటించింది. వృత్తిలో లేని టీనేజర్‌కు ఆ గౌరవం ఇవ్వడంలో ఆమె ధైర్యానికి మెచ్చుకోలు ఎంత ఉందో, వృత్తి తన గురించి తాను ఒప్పుకున్న సత్యమూ అంతే ఉంది. పోలీసు ప్రకటనను ఉన్నదున్నట్టు ఎక్కించే అలవాటు ఏ దేశంలోని క్రైమ్ రిపోర్టర్లకూ కొత్త కాదు. ఇప్పుడు ఆ ప్రకటనను పక్కనే ఉన్న ఫోన్‌తో పోల్చి చూసే వీలుంది. పోల్చకపోతే అడిగే పాఠకులూ ఉన్నారు.

కొండ అంచు, నీడ పొడవు

సాక్షులు ఎక్కువయ్యే కొద్దీ నిజం తేలికవుతుందని మొదట్లో ఒక ఆశ ఉండేది. జరిగింది వేరు. అసలు వీడియోతో పాటు పాత వీడియో, మరో దేశపు వీడియో, ఆఖరికి వీడియో గేమ్ దృశ్యాలు కూడా అదే వరుసలో వచ్చి కూర్చుంటున్నాయి. ఉక్రెయిన్ యుద్ధ దృశ్యాలంటూ ‘ఆర్మా 3’ గేమ్ క్లిప్పులు ఎంతగా తిరిగాయంటే, తమ గేమ్‌ను ఎలా గుర్తుపట్టాలో 2022లో ఆ తయారీ సంస్థే వివరించాల్సి వచ్చింది. ఈ గుట్టలో నుంచి నిజాన్ని బయటికి తీసే పని కొత్త తరహా విలేకరిని తయారుచేసింది. ఘటనా స్థలానికి వెళ్లకుండా, డెస్క్ దగ్గర కూర్చునే ఆ స్థలాన్ని కనిపెట్టే విలేకరి అన్నమాట. 2014లో ఎలియట్ హిగ్గిన్స్ మొదలుపెట్టిన బెల్లింగ్‌క్యాట్ అనే పరిశోధక బృందం, ఉక్రెయిన్ మీద మలేసియా ప్రయాణికుల విమానం ఎంహెచ్17ను కూల్చిన బుక్ క్షిపణి వాహనం ఏ దారిన వెళ్లిందో జనం తీసి పెట్టిన ఫొటోలు, వీడియోల ఆధారంగానే పట్టుకుంది.

ఈ పని ఎలా సాగుతుందో కాస్త దగ్గరగా చూడాలంటే బీబీసీ ఆఫ్రికా ఐ బృందం 2018లో చేసిన పరిశోధనను చెప్పుకోవాలి. ఆ ఏడాది జులైలో ఓ దారుణమైన వీడియో సోషల్ మీడియాలో తిరిగింది. సైనిక దుస్తుల్లో ఉన్న కొందరు ఇద్దరు మహిళలను, ఇద్దరు చిన్నపిల్లలను మట్టిబాట వెంట నడిపించుకుంటూ పోయి, కళ్లకు గంతలు కట్టి కాల్చి చంపారు. ఇది మాలిలో జరిగిందని కొందరు, కామెరూన్‌లో అని కొందరు. కామెరూన్ ప్రభుత్వం ఫేక్ న్యూస్ అని కొట్టిపారేసింది. వీడియోలో తేదీ లేదు, ఊరి పేరు లేదు.

మొదటి కొద్ది క్షణాల్లో, నడుస్తున్న మనుషుల వెనకాల ఓ కొండల వరుస కనిపిస్తుంది. ఆ కొండ అంచు గీత ఎక్కడిదో వెతకడంతో పని మొదలైంది. స్థానికంగా అందిన ఓ సమాచారం పట్టుకుని గూగుల్ ఎర్త్‌లో చూస్తే, ఉత్తర కామెరూన్‌లో నైజీరియా సరిహద్దుకు దగ్గరగా ఉన్న జెలెవెట్ ఊరి పరిసరాల్లో గీత సరిపోయింది. చోటు తెలిశాక కాలం తేల్చాలి. వీడియోలో కనిపించే కట్టడాలు ఏ నెల శాటిలైట్ చిత్రంలో ఉన్నాయి, ఏ నెలలో లేవు అని చూస్తే ఘటన 2014 నవంబరుకూ 2016 ఫిబ్రవరికీ మధ్య జరిగిందని తేలింది. ఎండాకాలంలో మాత్రమే బయటపడే కాలిబాట ఆ వ్యవధిని మరికొంత కుదించింది. చివరి ముడి విప్పింది నీడలు. నడుస్తున్న సైనికుల నీడ ఎంత పొడవుంది, ఎటు పడింది అన్న లెక్కతో సూర్యుడి కోణం కట్టి, 2015 మార్చి 20 నుంచి ఏప్రిల్ 5 లోపు అని నిర్ధారించారు. ఆ సైన్యం అలాంటి దుస్తులు వేసుకోదన్న ప్రభుత్వ వాదనకు జవాబు సైనికులే పెట్టుకున్న ఫేస్‌బుక్ ఫొటోల్లో దొరికింది.

ఆగస్టులో ప్రభుత్వం ఏడుగురు సైనికులను అరెస్టు చేసినట్టు ప్రకటించింది. సెప్టెంబరులో బీబీసీ పరిశోధన వెలువడింది. 2020లో సైనిక కోర్టు నలుగురికి పదేళ్ల చొప్పున శిక్ష వేసింది. వీడియోను లక్షల మంది చూశారు, షేర్ చేశారు, కోప్పడ్డారు. అందరి ఫోన్లలోనూ ఉన్న ఆ నిమిషాలు కొట్టిపారేయలేని సాక్ష్యంగా నిలబడటానికి వారాల తరబడి కొండ గీతలు, నీడలు కొలిచే మనుషులు కావాల్సి వచ్చింది.

ఇందులో విలేకరి ఒంటరివాడు కాదన్నదీ గమనించాలి. 2011 అరబ్ తిరుగుబాట్ల సమయంలో అమెరికన్ పబ్లిక్ రేడియో ఎన్‌పీఆర్‌లో పనిచేసిన ఆండీ కార్విన్, తనకు తెలియనిది తెలియదని ట్విటర్‌లో బాహాటంగా చెప్పి ఫాలోయర్లనే అడిగేవాడు. లిబియాలో దొరికిన ఓ మోర్టార్ గుండు మీద నక్షత్రం గుర్తు చూసి అది ఇజ్రాయెల్ ఆయుధమని ప్రచారం మొదలైనప్పుడు, సైనిక పరిజ్ఞానమున్న ఫాలోయర్లే అది వెలుగు కోసం పేల్చే గుండ్లకు వేసే గుర్తని నిరూపించారు. అచ్చయ్యేదాకా గుట్టుగా ఉంచుకోవడమే అలవాటైన వృత్తికి ఇది మింగుడుపడని పద్ధతి. సందేహాన్ని పదిమందిలో పెట్టడం పరువు తక్కువ కాదని నేర్చుకోవడానికి న్యూస్‌రూమ్‌లకు చాలా కాలం పట్టింది. కొన్నిటికి ఇంకా పడుతూనే ఉంది.

తొందరకు దొరికే ఫలితం

నిజం నిద్రలేచేలోపు అబద్ధం ఊరంతా తిరిగొస్తుందనే మాటకు 2018లో లెక్కలు కూడా తోడయ్యాయి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ముగ్గురు 2006 నుంచి 2017 వరకు ట్విటర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించి ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. అబద్ధపు వార్తను రీట్వీట్ చేసే అవకాశం నిజమైన వార్త కంటే 70 శాతం ఎక్కువ. 1,500 మందిని చేరడానికి నిజానికి ఆరు రెట్లు ఎక్కువ సమయం పట్టింది. ఇది బాట్‌ల (మనుషుల్లా పోస్టులు పెట్టే ప్రోగ్రాముల) పని అనుకుంటారేమో, వాటి ఖాతాలు తీసేసి చూసినా ఫలితం మారలేదు. అబద్ధాన్ని మోసింది మనుషులే, అందులో కొత్తదనం ఉంటుంది కాబట్టి.

ఈ పరుగులో విలేకరులు కూడా దిగితే ఏమవుతుందో 2013 ఏప్రిల్‌లో బోస్టన్ చూసింది. మారథాన్ బాంబు పేలుళ్ల తర్వాత రెడిట్ అనే ఆన్‌లైన్ చర్చావేదికలో ఔత్సాహికులు ఫొటోలు జల్లెడ పట్టి, అప్పటికే కనిపించకుండా పోయిన ఓ విద్యార్థిని నిందితుడిగా తేల్చేశారు. అతనికి పేలుళ్లతో ఏ సంబంధమూ లేదు. ఆ తర్వాత అతని మృతదేహం దొరికింది, ఈలోపు ఆ కుటుంబం పడిన క్షోభకు రెడిట్ క్షమాపణ చెప్పింది. ఇదంతా ఔత్సాహికుల తప్పని పత్రికలు చేతులు దులుపుకోవడానికి లేదు. అదే వారంలో సీఎన్ఎన్, అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) లాంటి వార్తాసంస్థలు అనుమానితుణ్ణి అరెస్టు చేశారని ప్రకటించి వెనక్కి తీసుకున్నాయి. ఆ తర్వాతి వారం, ఏప్రిల్ 23న, హ్యాకర్లు ఏపీ ట్విటర్ ఖాతాలోకి చొరబడి వైట్‌హౌస్‌లో పేలుళ్లు జరిగాయని, ఒబామా గాయపడ్డారని రాశారు. అమెరికా షేర్ మార్కెట్ సూచీ డౌ జోన్స్ నిమిషాల్లో 140 పాయింట్లకు పైగా పడి, అంతే వేగంగా లేచింది. ఏపీ పేరు మీద ఉంది కాబట్టే ఆ అబద్ధం చెల్లింది. పేరుకున్న విలువ ఎంతో తెలియాలంటే దాన్ని దొంగిలించినప్పుడు జరిగే నష్టం చూస్తే సరిపోతుంది. 2023 మేలో పెంటగాన్ దగ్గర పేలుడంటూ కృత్రిమ మేధతో తయారైన బొమ్మ తిరిగినప్పుడు హ్యాక్ చేయాల్సిన పని కూడా రాలేదు. డబ్బు కట్టి తెచ్చుకున్న బ్లూ టిక్‌తో, వార్తాసంస్థ పేరును తలపించే ఖాతాలు చాలాయి.

అయితే తొందరపడొద్దని విలేకరికి సుద్దులు చెప్పడం తేలిక. డెస్క్‌లోని మానిటర్ మీద ఏ కథనాన్ని ఈ క్షణంలో ఎంతమంది చదువుతున్నారో కదిలే అంకెల్లో కనిపిస్తూ ఉంటుంది. పది నిమిషాలు ఆగి నిర్ధారించుకున్న వార్తకు ఆ తెర మీద వచ్చేది చిన్న గీత. ఆగనివాళ్లకు వచ్చేది పెద్ద గీత. నెలాఖరు సమీక్షలో గీతలే మాట్లాడతాయి.

వాట్సాప్ మరో రకం తలనొప్పి. అక్కడ ఏం తిరుగుతోందో విలేకరికి బయటి నుంచి కనిపించదు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లతో భారత్‌లో మూక హత్యలు జరిగాక, 2018 జులైలో వాట్సాప్ ఇక్కడ ఫార్వర్డ్‌లను ఒకసారికి 5 చాట్‌లకు పరిమితం చేసింది. మరుసటి ఏడాది ఆ పరిమితిని ప్రపంచమంతటికీ విస్తరించింది. కంపెనీ మీట నొక్కితే పుకారు వేగం తగ్గుతుంది. ఎన్ని ఖండన కథనాలు రాసినా విలేకరి చేతిలో ఆ మీట లేదు.

అద్దె స్థలంలో కట్టుకున్న ఇల్లు

ప్లాట్‌ఫామ్‌లు వార్తాసంస్థలతో ఆడుకున్న తీరుకు వీడియో వ్యవహారమే చాలు. 2015, 2016 ప్రాంతంలో ఇక భవిష్యత్తంతా వీడియోదేనని ఫేస్‌బుక్ ఊదరగొట్టింది. ఆ మాట నమ్మి చాలా డిజిటల్ సంస్థలు రాసేవాళ్లను తగ్గించి వీడియో బృందాలను పెంచుకున్నాయి. 2016 సెప్టెంబరులో అసలు సంగతి బయటపడింది. మూడు సెకన్ల లోపు చూసి వదిలేసినవాళ్లను లెక్కలోంచి తీసేయడం వల్ల, సగటు వీక్షణ సమయం 60 నుంచి 80 శాతం దాకా ఎక్కువగా కనిపిస్తూ వచ్చిందని తేలింది. ప్రకటనకర్తలు కోర్టుకెళ్లారు, 2019లో 4 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఉద్యోగాలు పోగొట్టుకున్న విలేకరులకు ఆ రాజీలో వాటా లేదు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ మళ్లీ దిశ మార్చి, ఫీడ్‌లో వార్తలకు బదులు బంధుమిత్రుల పోస్టులకు పెద్దపీట వేస్తామంది. ఆ ఒక్క మార్పుతో మూతపడ్డ సైట్లున్నాయి.

రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ 2023 నివేదిక ప్రకారం వార్తల కోసం నేరుగా వార్తాసంస్థ సైటుకో యాప్‌కో వెళ్లడమే తమ ప్రధాన మార్గమని చెప్పినవాళ్లు 22 శాతమే. 2018లో 32 శాతం ఉండేవారు. మిగతావాళ్లు ఏదో ఒక మధ్యవర్తి ద్వారా వస్తారు. ఆ మధ్యవర్తి తలుపు మూసేస్తే ఏం జరుగుతుందో కెనడా అనుభవం చెబుతుంది. వార్తలకు ప్లాట్‌ఫామ్‌లు డబ్బు చెల్లించాలని 2023 జూన్‌లో అక్కడ చట్టం తెచ్చారు. ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా చెల్లించే బదులు ఆగస్టు నుంచి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వార్తలనే ఆపేసింది. సరిగ్గా అదే నెలలో కార్చిచ్చు ముంచుకొచ్చి యెల్లోనైఫ్ నగరాన్ని ఖాళీ చేయించారు. ఏ రోడ్డు తెరిచి ఉందో చెప్పే వార్త లింకు పెడితే పోస్టు వెళ్లదు. జనం ఆ వార్తలకు స్క్రీన్‌షాట్లు తీసి ఒకరికొకరు పంపుకున్నారు.

వదిలేసి వచ్చినవాళ్ల అనుభవం మరోలా ఉంది. ‘ప్రభుత్వ అనుబంధ సంస్థ’ అని ముద్ర వేసినందుకు 2023 ఏప్రిల్‌లో ట్విటర్ నుంచి ఎన్‌పీఆర్ తప్పుకుంది. ఆరు నెలల తర్వాత చూసుకుంటే సైటుకు తగ్గిన రాకపోకలు ఒక్క శాతం. ఏళ్ల తరబడి విలేకరులు రాత్రీ పగలూ ట్వీట్లు పెట్టిన శ్రమకు సంస్థకు దక్కింది ఇంతేనా అని ముక్కున వేలేసుకోవాల్సిన అంకె ఇది. ట్విటర్ వల్ల లాభపడింది సంస్థలు కాదు, ఫాలోయర్లను కూడగట్టుకున్న వ్యక్తులు.

బైలైన్ నుంచి బ్రాండ్ దాకా

ఒకప్పుడు పాఠకుడికి పత్రిక పేరు తెలిసేది, విలేకరి పేరు తెలియకపోయేది. టిక్‌టాక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్‌లలో వ్యవహారం తిరగబడింది. అమెరికా పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ 2024 నవంబరులో ప్రచురించిన అధ్యయనం ప్రకారం అమెరికాలో పెద్దవాళ్లలో 21 శాతం, 30 ఏళ్ల లోపువాళ్లలో 37 శాతం వార్తలను తరచూ ‘న్యూస్ ఇన్‌ఫ్లుయెన్సర్ల’ నుంచే తెలుసుకుంటున్నారు. లక్షకు పైగా ఫాలోయర్లున్న అలాంటి 500 మందిని పరిశీలిస్తే, 77 శాతానికి ఏ వార్తాసంస్థతోనూ ఇప్పుడు గానీ గతంలో గానీ సంబంధం లేదు. నాయకులకు కూడా ఇది అనుకూలంగానే ఉంది. తమ ఖాతాలోనే నేరుగా చెప్పుకోగలిగినప్పుడు, స్నేహంగా మాట్లాడే పాడ్‌కాస్టర్ ముందు మూడు గంటలు కూర్చోగలిగినప్పుడు, ఎదురు ప్రశ్నలు వేసే విలేకరుల సమావేశం ఎవరికి కావాలి?

దీంతో విలేకరి మీద రెండు పొంతన లేని కోరికలు పడ్డాయి. మొహం కనబడాలి, అభిప్రాయం ఉండాలి, జనంతో కలిసిపోవాలి, లేకపోతే ఫీడ్‌లో తేలరు. అదే సమయంలో ఎవరి పక్షమూ కాదన్న నమ్మకం నిలవాలి. మొదటిదానికి ప్లాట్‌ఫామ్ ప్రతిఫలం ఇస్తుంది, రెండోది తప్పితే సంస్థ శిక్షిస్తుంది. 2021 మేలో ఏపీ వార్తాసంస్థలో చేరి మూడు వారాలు కూడా కాని ఓ యువ విలేకరిని సోషల్ మీడియా నియమాలు ఉల్లంఘించారని తీసేశారు. ఆమె కాలేజీ రోజుల పోస్టులను ప్రత్యర్థులు తవ్వి తీశాక జరిగిన పరిణామం అది. సహోద్యోగులు పెద్దయెత్తున నిరసన తెలిపారు. నియమావళి ఎంత పొడవుగా రాసినా ఈ పీటముడి విడదు, ఎందుకంటే సంస్థలే యువ విలేకరులను ఫాలోయర్ల సంఖ్య చూసి తీసుకుంటున్నాయి, ఆ ఫాలోయర్లు ఎలా వచ్చారో వాళ్లకూ తెలుసు.

2022 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ సంపాదకుడు డీన్ బకే తమ విలేకరులకు ట్విటర్‌లో ఉండటం తప్పనిసరి కాదని, అక్కడి స్పందననే లోకాభిప్రాయంగా తీసుకోవడం మితిమీరిందని లేఖ రాశాడు. ఆ మాటకు ఆధారం ఉంది. ప్యూ 2019 లెక్క ప్రకారం అమెరికా పెద్దవాళ్లలో ట్విటర్ వాడేది 22 శాతమే. వాళ్ల ట్వీట్లలో 80 శాతం పెడుతున్నది అందులో పదో వంతు మంది. విలేకరి తెల్లారి లేచి ‘దీని మీద నెటిజన్ల ఆగ్రహం’ అని రాసినప్పుడు, ఆ ఆగ్రహం ఎంతమందిదో రాయడు. వీధిలోకి వెళ్లి నలుగురిని అడిగే పనికి బదులు నాలుగు పోస్టులు అతికించడం వార్తగా చలామణి కావడం ఈ పదిహేనేళ్లలో వృత్తికి పట్టిన బద్ధకాల్లో మొదటిది.

ఒంటరిగా నిలబడితే

పేరూ మొహమూ బయటపెట్టుకుంటే అవే గురి అవుతాయి. ఫిలిప్పీన్స్‌లో విలేకరి మరియా రెసా బృందం రాప్లర్ అనే వార్తల సైటును 2012లో ఫేస్‌బుక్ ఊపు మీదే పెంచింది. 2016లో ఇంటర్నెట్‌ను ఆయుధంగా ఎలా మారుస్తున్నారో వరుస కథనాలు రాశాక, అదే ఫేస్‌బుక్‌లో ఆమెకు గంటకు 90 దాకా ద్వేష సందేశాలు వచ్చాయి. ఆమె మీద జరిగిన దాడిని పరిశోధకులు విశ్లేషిస్తే, దాదాపు 60 శాతం ఆమె విశ్వసనీయతను దెబ్బతీయడానికే ఉద్దేశించినవి. ఈ సంగతి గమనార్హం. తిట్టేవాళ్లకు కూడా విలేకరి దగ్గర విలువైనది ఏమిటో తెలుసు, అక్కడే కొడతారు. 2021లో ఆమె నోబెల్ శాంతి బహుమతి అందుకుంది. కేసులు మాత్రం వదల్లేదు.

యునెస్కో, అంతర్జాతీయ జర్నలిస్టుల కేంద్రం (ఐసీఎఫ్‌జే) 2020లో 125 దేశాల్లో జరిపిన సర్వేలో 73 శాతం మహిళా జర్నలిస్టులు ఆన్‌లైన్ హింసను ఎదుర్కొన్నామన్నారు. దానితో ముడిపడి బయట కూడా దాడులు జరిగాయని 20 శాతం చెప్పారు. సోషల్ మీడియాలో తమ మాటలకు తామే కత్తెర వేసుకుంటున్నామని 30 శాతం ఒప్పుకున్నారు. రాయకుండా ఆగిపోయిన ఆ మాటలు ఏ లెక్కలోనూ చేరవు.

చట్టం దగ్గరికొస్తే తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అమెరికాలో 1996 నాటి కమ్యూనికేషన్స్ డీసెన్సీ చట్టంలోని సెక్షన్ 230 ప్రకారం, వినియోగదారులు పెట్టిన రాతలకు ప్లాట్‌ఫామ్‌ను ప్రచురణకర్తగా చూడరు. అదే మాట పత్రిక అచ్చేస్తే పత్రిక బాధ్యురాలు. పంచిపెట్టి సంపాదించేవాళ్లకు పూచీ లేదు, రాసినవాళ్లకు ఉంది. సంస్థలో ఉన్న విలేకరికి లాయర్లుంటారు, ఎడిటర్ ఉంటాడు, కాపీ చదివి ‘దీనికి కాగితం ఉందా?’ అని అడిగే డెస్క్ ఉంటుంది. సొంత ఖాతాతో బయటికొచ్చినవాళ్లకు సబ్‌స్క్రైబర్లుంటారు.

ఐరోపాలోని చిన్న దేశం మాల్టాలో విలేకరి డాఫ్నీ కరువానా గలీజియా బ్లాగు ఈ విషయానికి నిలువెత్తు ఉదాహరణ. ఒక్క మనిషి నడిపిన ఆ బ్లాగుకు కొన్ని రోజుల్లో దేశంలోని పత్రికలన్నిటి సర్క్యులేషన్‌ను మించి పాఠకులు వచ్చేవారు. ప్రధాని సన్నిహితులకు పనామాలో రహస్య కంపెనీలున్నాయని ముందు రాసింది ఆమే. 2017 అక్టోబరు 16న కారు బాంబు పేలి చనిపోయే నాటికి ఆమె మీద 40కి పైగా పరువు నష్టం కేసులు నడుస్తున్నాయి. మనిషి పోయినా సివిల్ దావాలు పోలేదు, కుటుంబం మీదికి వచ్చాయి. 2018 ఏప్రిల్‌లో 18 వార్తాసంస్థలకు చెందిన 45 మంది విలేకరులు కలిసి ఆమె వదిలిన కథనాలను మళ్లీ ప్రచురించడం మొదలుపెట్టారు. ఒకరి మీద దావా వేస్తే మిగతా పదిహేడు సంస్థలు రాస్తాయి కాబట్టి, ఆమెను నోరు మూయించాలనుకున్నవాళ్లకు ఆ ఎత్తు ఇక పారలేదు. ఆ కూటమిలోని సంస్థల్లో చాలావాటికి ఆ పనికి డబ్బు వచ్చింది వ్యూస్ నుంచి కాదు, చందాలు, విరాళాలు, ప్రజాధనం నుంచే.